మొదట చూసిందే ఒరిజినలా? మా ఇంట్లో దృశ్యం పంచాయితీ

పొందూరు నూలు (గురువారం, రాత్రి 9:50)

పండక్కి ఇంటికొచ్చాను. ఇంట్లో ఒక గొడవ తేలడం లేదు, మీరే తేల్చాలి.

భోగి ముందు రాత్రి భోజనాలయ్యాక మా బావ టీవీలో మలయాళం దృశ్యం పెట్టాడు. 2013లో వచ్చిన మోహన్‌లాల్ సినిమా. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు అమ్మ చదవలేదు కాబట్టి, పక్కన కూర్చుని డైలాగులన్నీ నేనే తెలుగులో చెబుతూ వచ్చాను. ఓ అరగంట చూసి, "మన వెంకటేశ్ సినిమాని వీళ్ళు బాగానే తీసుకున్నార్రా" అంది అమ్మ. బావ కుర్చీలోంచి లేచిపోయాడు. "అత్తయ్యా, వీళ్ళదే ముందు. మనవాళ్ళు కొనుక్కుని ఏడు నెలల తర్వాత తీశారు" అన్నాడు. అమ్మ తగ్గలేదు. "ముందైతే ఏటి? నేను ముందు చూసింది అది. అయినా ఈ మీనా అక్కడా భార్యే, ఇక్కడా భార్యే. ఒక్క మనిషి రెండిళ్ళలో కాపురం చేస్తే ఏది నిజం కాపురం అనుకోవాలి?"

తెల్లారి భోగిమంట దగ్గర మళ్ళీ మొదలు. రీమేక్ అంటే నిన్నటి కూర వేడి చేసి పెట్టడమే అని బావ. చేపల పులుసు మర్నాడే బాగుంటుందని అమ్మ.

నేను ఎటూ చెప్పలేకపోతున్నాను. మోహన్‌లాల్‌ని చూశాక తెలుగుది కాస్త ఇస్త్రీ చేసినట్టు కనిపిస్తోంది. కానీ 2014లో శ్రీకాకుళంలో హాల్లో చూసినప్పుడు ఇంటర్వెల్‌కి నా చేతులు చల్లబడిపోయాయి. ఆ టెన్షన్ అబద్ధం కాదు కదా?

సిరిమాను (గురువారం, రాత్రి 10:05)

మీ అమ్మగారి పార్టీ నేను. ఒరిజినల్ ఒరిజినల్ అని ప్రాణం తీసేవాళ్ళు ఒకసారి దబాంగ్ చూసి, తర్వాత గబ్బర్ సింగ్ చూడండి. 2010 హిందీ సినిమాని 2012లో హరీశ్ శంకర్ ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్ళాడో తెలుస్తుంది. ఆ అంత్యాక్షరి సీను హిందీలో లేనే లేదు. హాల్లో కాగితాలు ఎగిరింది దానికే. ఇంకేం కావాలి?

ఆపరేటర్ బాబాయ్ (గురువారం, రాత్రి 11:20)

దృశ్యం గురించి మాట్లాడే హక్కు ఇక్కడ అందరికంటే నాకే ఎక్కువ. నరసన్నపేట వైపు పదిహేనేళ్ళు కేబుల్ నడిపినవాణ్ణి. స్తంభాలెక్కాను, కోతులు తెంపిన వైర్లు వర్షంలో అతికాను, నెలాఖరుకి వంద రూపాయల కోసం గుమ్మాల్లో నిలబడ్డాను. రాత్రిళ్ళు కంట్రోల్ రూములో డీవీడీ పెట్టి, జనం నిద్రపోయాక కూడా ఒక్కణ్ణే కూర్చుని చూసేవాణ్ణి. దృశ్యంలో మోహన్‌లాల్ చేసిన కేబుల్ ఆపరేటర్ జార్జికుట్టి చదివింది నాలుగో తరగతి, మిగతా చదువంతా సినిమాలే. ఆ పాత్ర మీకు కథ, నాకు అద్దం.

రెండూ రెండేసి సార్లు చూశాను. మోహన్‌లాల్ లుంగీ ఎగ్గట్టి నడుస్తుంటే వీడు నిజంగా స్తంభం ఎక్కినవాడే అనిపిస్తుంది. మన వెంకటేశ్ గారు స్తంభం ఎక్కినట్టు నాకు నమ్మకం కుదరలేదు. కానీ పిల్లని పోలీసులు కొడుతుంటే ఆ తండ్రి మొహం ఉంది చూశారూ, అక్కడ మాత్రం ఆయనకి వంక పెట్టలేను. ఆడవాళ్ళు ఇంటిల్లిపాదీ వెళ్ళి చూసింది ఆ మొహం కోసమే.

ఒక మాట గమనించండి. ఆ కథ ఎక్కడ నాటినా బతికింది. కన్నడంలో రవిచంద్రన్, తమిళంలో కమల్‌హాసన్, హిందీలో అజయ్ దేవగణ్. 2019లో చైనావాళ్ళు కూడా తీశారు, వాళ్ళ దాంట్లో చివరికి తండ్రి వెళ్ళి లొంగిపోతాడు. ఎందుకు బతికిందంటే దాని బలం ఊళ్ళో లేదు, లెక్కలో ఉంది. ఏ రోజు ఎక్కడున్నాం, ఎవరు చూశారు, ఏ టికెట్టు దాచాం. లెక్క ఏ భాషలో చేసినా లెక్కే. ఇలాంటి సినిమాలకి రీమేక్ భయం లేదు. ఊరి మీద నిలబడ్డ సినిమాలకే తిప్పలు.

పొందూరు నూలు (గురువారం, రాత్రి 11:31)

బాబాయ్, "స్తంభం ఎక్కినట్టు నమ్మకం కుదరలేదు" అన్న మాట అమ్మకి చదివి వినిపించాను. "ఆయన ఓనరు, పనివాళ్ళని ఎక్కిస్తాడు" అంది.

ఆపరేటర్ బాబాయ్ (గురువారం, రాత్రి 11:34)

మా కాలంలో ఓనరూ నేనే, పనివాణ్ణీ నేనే అని చెప్పు అమ్మతో.

ఎస్.కోట ఘాట్ (శుక్రవారం, ఉదయం 6:40)

ఊరి మీద నిలబడ్డ సినిమాలకి తిప్పలన్నారు కదా బాబాయ్, అలాంటిదే ఒకటి చెబుతాను. మాది శృంగవరపుకోట. ఫొటో స్టూడియో ఉంది, మా నాన్న పెట్టింది. పెళ్ళిళ్ళ సీజన్ లేనప్పుడు పాస్‌పోర్ట్ ఫొటోల మీదే బతుకు.

2016లో మహేషింటె ప్రతీకారం అని మలయాళంలో వచ్చింది. దిలీష్ పోతన్ మొదటి సినిమా, ఫహాద్ ఫాజిల్ హీరో. ఇడుక్కి కొండల్లో ఒక ఫొటో స్టూడియో కుర్రాడు. నడిబజార్లో దెబ్బలు తింటాడు. తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. కథ మొత్తం కలిపితే అంతే. మా నాన్నా నేనూ స్టూడియోలో కూర్చుని కంప్యూటర్లో చూశాం. "గడ్డం కాస్త పైకి, కళ్ళు తెరవండి" అని వాడు చెబుతుంటే నాన్న నవ్వలేక చచ్చాడు. ముప్పయ్యేళ్ళుగా ఆయన అంటున్న మాటలే అవి.

దాన్ని తెలుగులో తీస్తున్నారంటే నాకు దిగులేసింది. హీరో ఒక్క గుద్దుకి పదిమందిని లేపుతాడు, చెప్పులు గాల్లో తిరుగుతాయి, దానికి ఒక పాట ఉంటుంది అనుకున్నాను. 2020 జూలై ఆఖర్లో నెట్‌ఫ్లిక్స్‌లో ఉమామహేశ్వర ఉగ్రరూపస్య వచ్చింది. సినిమా హాళ్ళన్నీ మూసి ఉన్న రోజులు. వెంకటేశ్ మహా తీశాడు, సత్యదేవ్ హీరో. ఇడుక్కిని తెచ్చి మా ఘాట్ రోడ్డు పైన, అరకులో పెట్టాడు. మాకు గంటన్నర దారి. నేను వారానికోసారి పెళ్ళికూతుళ్ళని తీసుకెళ్ళి ఫొటోలు తీసే కొండలే అవి. కానీ సినిమాలో చూస్తే, టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక మిగిలే అరకు కనిపించింది. పొద్దున్న మంచు, మధ్యాహ్నం పనీపాటా లేని రోడ్డు, ఒకరి సంగతి ఒకరికి తెలిసిన బజారు.

కథ దాదాపు సీను సీనూ అదే. సంగీతం కూడా రెండింటికీ ఒకడే, బిజిబాల్. అయినా నాకు కాపీ అనిపించలేదు. ఎందుకంటే మనుషులు మాట్లాడేది మన మాట. చావింట్లో పలకరింపులు, బజార్లో తగువు తీర్చే పెద్దమనుషులు, ఏమీ జరగనట్టు టీ తాగడం, అన్నీ మన వాలకాలే.

వెలితి ఒకటుంది, అదీ చెప్పాలి. అరకు అంటే ముందుగా గిరిజనుల ఊరు. సినిమాలో వాళ్ళు వెనక వరసలోనే ఉండిపోయారు. ఇడుక్కి కథని ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెట్టడం వల్ల ఆ ఖాళీ వచ్చిందని నా అనుమానం. మొదటి నుంచీ అరకులోనే పుట్టిన కథైతే వాళ్ళు లేకుండా నడిచేది కాదు.

తేలినీలాపురం కొంగ (శుక్రవారం, ఉదయం 8:15)

నేను చెన్నైలో ఉంటాను, టెక్కలి దగ్గర మా ఊరు. పేరు చూసి నవ్వకండి, మా ఊరివైపు కొంగలు ఏటా వచ్చి పోతాయి, మనుషులు పోయి ఏటా ఒకసారి వస్తారు.

ఘాట్ గారూ, మీరు వెంకటేశ్ మహా పేరెత్తారు కాబట్టి. ఆయన మొదటి సినిమా 2018లో కేరాఫ్ కంచరపాలెం. వైజాగ్ కంచరపాలెంలో ఆ వీధుల వాళ్ళతోనే, ఎప్పుడూ కెమెరా ముందు నిలబడనివాళ్ళతో తీశాడు. దాన్ని తమిళంలో కేరాఫ్ కాదల్ అని 2021లో రీమేక్ చేశారు. ఇక్కడ నా రూమ్మేట్‌తో కలిసి చూశాను. మోసం లేదు, కథ ఉన్నది ఉన్నట్టు తీశారు. వాడికి నచ్చింది కూడా. నాకు మాత్రం ఎవరో మా ఇల్లు కొనుక్కుని, మా సామాను అలాగే ఉంచి, లోపల వాళ్ళు కాపురం ఉంటున్నట్టు అనిపించింది. పేరులోంచే ఊరు తీసేశారు చూడండి. కంచరపాలెం పోయి, దాని చోట ప్రేమ వచ్చింది.

వాడి దగ్గర నాకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. 2024లో ఇక్కడ గిల్లి మళ్ళీ హాళ్ళలో వేశారు. జనం కుర్చీలెక్కి ఊగిపోయారు. అది మన ఒక్కడే కదరా, 2003 సంక్రాంతికి గుణశేఖర్ తీసింది అన్నాను. "అది మీదైతే అయ్యుండొచ్చు, ఇది మాది" అన్నాడు. అలా అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే వాడు చెప్పింది పొందూరు నూలు వాళ్ళ అమ్మగారు చెప్పిందే కదా.

సిరిమాను (శుక్రవారం, ఉదయం 8:22)

ఒక్కడు ముందు గిల్లి ఏంటన్నా! చార్మినార్ సెట్టు వేశారు ఆ సినిమాకి!

తేలినీలాపురం కొంగ (శుక్రవారం, ఉదయం 8:24)

చూశావా తమ్ముడూ, ఇప్పుడు నువ్వు ఒరిజినల్ పార్టీలోకి దూకేశావు.

సిరిమాను (శుక్రవారం, ఉదయం 8:25)

మనది మనదే. వేరే వాళ్ళది తెస్తే అది కూడా మనదే.

ఆపరేటర్ బాబాయ్ (శుక్రవారం, ఉదయం 9:00)

విజయనగరం మహారాజా వారి కాలం నుంచీ ఇలాంటి తీర్పు ఎవరూ ఇవ్వలేదు.

మూడు లాంతర్లు (శుక్రవారం, మధ్యాహ్నం 2:10)

నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. విజయనగరం పేరెత్తారు కనుక రెండు మాటలు.

మా రోజుల్లో రీమేక్ అన్న మాటే జనానికి తెలియదు. గుండమ్మ కథ మూలం ఒక కన్నడ సినిమా అనీ, 1958లో వచ్చిన మనె తుంబిద హెణ్ణు అనీ నాకు నలభై ఏళ్ళు వచ్చాక తెలిసింది. తెలిశాక నా దృష్టిలో గుండమ్మ ఏమాత్రం తగ్గలేదు. సూర్యకాంతం గారి ముందు ఏ మూలమైనా చేతులు కట్టుకు నిలబడాల్సిందే. అలాగే మన రాముడు భీముడు 1964లో వస్తే, తాపీ చాణక్య గారే మరుసటి ఏడాది తమిళంలో ఎం.జి.ఆర్‌తో, 1967లో హిందీలో దిలీప్‌కుమార్‌తో తీశారు. మూడు చోట్లా జనం దాన్ని తమ సినిమాగానే చూశారు.

ఇక అసలు విషయం. మన ఊళ్ళోనే ఒక పెద్ద రీమేక్ జరిగింది, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఆ తర్వాత ఆయనే దాన్ని పట్టుకుని తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండోదాన్నే. మధురవాణి మనకి తెలిసిన మధురవాణి అయింది రెండోదాంట్లోనే. మొదటిది పరిశోధన చేసేవాళ్ళ అలమారాల్లో ఉంది. మరి ఒరిజినల్ ఏది? పొందూరు నూలు బావగారిని ఒకసారి గురజాడ వారి ఇంటికి తీసుకువచ్చి ఈ ప్రశ్న అడగండి. మా ఇల్లు అక్కడికి దగ్గరే, కాఫీ నేనిస్తాను.

బొబ్బిలి వీణ (శుక్రవారం, సాయంత్రం 5:45)

మాస్టారూ, నమస్కారం. మీతో పేచీ పెట్టుకోవడం నాకిష్టం లేదు గానీ ఇది పెట్టుకోవాల్సిందే. రాసినవాడే తిరగరాస్తే అది దిద్దుబాటు. ఇంకొకరి ఇంట్లోంచి తెచ్చుకుంటే రీమేక్. పోనీ ఒకరే రెండుసార్లు తీసినా బాగుపడుతుందన్న నమ్మకం లేదు. గౌతమ్ తిన్ననూరి 2019లో నానితో జెర్సీ తీశాడు. రైల్వే స్టేషన్లో అతను అరిచే సీనుకి నేను ఏడ్చాను. అదే మనిషి 2022లో హిందీలో షాహిద్ కపూర్‌తో అదే సీను తీశాడు. ఆడలేదు. దర్శకుడు అతనే, అరుపూ అదే.

తాపీ చాణక్య గారి రోజుల్లో మద్రాసు సినిమా బొంబాయివాడికి కనబడేది కాదు. ఇప్పుడు మన సినిమా ఆరు నెలలు తిరక్కుండా హిందీ డబ్బింగులో ఫోన్లోకి వచ్చేస్తోంది. రీమేకులకి పాత రోజుల్లో ఉన్న రక్షణ కథ కాదు, చీకటి. జనానికి మూలం కనబడకపోవడమే వాటి బలం. ఆ దీపం వెలిగాక బండారం బయటపడుతోంది. మోహన్‌లాల్ మలయాళం లూసిఫర్‌కి తెలుగు డబ్బింగు ఉండగానే దాని రీమేక్‌గా 2022 దసరాకి గాడ్‌ఫాదర్ వచ్చింది. మా వారు చిరంజీవి అభిమాని కాబట్టి వెళ్ళాం, నేనైతే ఏ సీను తర్వాత ఏది వస్తుందో పక్కసీటు వాళ్ళకి చెబుతూ కూర్చున్నాను. తిట్లు తిన్నాను.

సరే, నాకు నిజంగా కడుపు మండిన రీమేక్ వకీల్ సాబ్. దాని మూలం 2016 హిందీ పింక్‌లో ముగ్గురమ్మాయిల కథ. లాయరు వాళ్ళ కోసం వస్తాడు. తెలుగులో వాళ్ళు లాయరు కోసం ఉన్నట్టుంటుంది. ఆయనకో ప్రేమకథ, ఆయనకో భార్య, ఆయనకో ఫైటు. పేరు చూడండి, అమ్మాయిల సినిమా పేరు వకీలు గారికి వెళ్ళిపోయింది.

కానీ ఇక్కడే నేను నా మాటకే అడ్డం తిరగాలి. 2021లో అది బొబ్బిలిలో ఆడినప్పుడు మా స్కూల్లో ఆయా తన కొడుకులిద్దరినీ తీసుకుని వెళ్ళింది. మర్నాడు వచ్చి, "ఆడపిల్ల వద్దంటే వద్దనే అని పవన్ కళ్యాణ్ చెప్పాడమ్మా, మావోళ్ళు నోరు మూసుకుని విన్నారు" అంది. పింక్ చూపిస్తే ఆ పిల్లలు పది నిమిషాలు కూర్చునేవాళ్ళు కాదు. నేను ఏ ఫైట్లని తిట్టుకున్నానో ఆ ఫైట్ల కోసం వెళ్ళి ఈ మాట విన్నారు. దీన్ని ఏ లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సిరిమాను (శుక్రవారం, సాయంత్రం 6:02)

అక్కా, ఆ ఆయాగారికి నా తరఫున దండం పెట్టండి.

ఎస్.కోట ఘాట్ (శుక్రవారం, రాత్రి 8:30)

వీణ గారు పేరు సంగతి చెప్పారు కదా, భీమ్లా నాయక్ కూడా అంతే. మలయాళంలో అయ్యప్పనుమ్ కోషియుమ్. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఇద్దరూ సమానం. ఎవరు మంచో ఎవరు చెడ్డో చివరిదాకా తేలదు. తెలుగులో పోస్టరు మీదే ఒకడు మిగిలాడు. అప్పుడే తక్కెడ వంగిపోయింది. ఇంక రెండున్నర గంటలు ఎవరు గెలుస్తారని చూడాలి?

సిరిమాను (శుక్రవారం, రాత్రి 8:41)

అన్నా, ఒక్కటి ఒప్పుకో. టైటిల్ సాంగ్ మొదట్లో కిన్నెర మొగులయ్య గారి గొంతు వస్తుంది కదా. ఆ పన్నెండు మెట్ల కిన్నెర మలయాళంలో లేదు. వాళ్ళకి అట్టప్పాడి నుంచి నంజియమ్మ దొరికింది, మనకి మొగులయ్య దొరికాడు. ఆవిడకి జాతీయ అవార్డు, ఈయనకి పద్మశ్రీ. కాపీ కొట్టేవాడైతే ఆవిడ పాట ట్యూనే తెచ్చి వాడేవాడు.

ఎస్.కోట ఘాట్ (శుక్రవారం, రాత్రి 8:55)

ఒప్పుకున్నాను. ఇది నేను ఆలోచించలేదు. సినిమాలో నాకు గుర్తున్న మొదటి సంగతి కూడా ఆ గొంతే.

చోడి అంబలి (శనివారం, ఉదయం 7:20)

చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. మాది గజపతినగరం దగ్గర పల్లె. మా తాత తూర్పు భాగోతంలో మద్దెల వాయించేవాడు.

మీరంతా కథ ముందే తెలిస్తే రీమేక్ చప్పబడిపోతుందంటున్నారు. భాగోతంలో కథ తెలియనివాడు ఒక్కడు కూడా ఉండడు. సత్యభామ అలుగుతుంది, కృష్ణుడు బతిమాలుతాడు. తాత తాతకి కూడా తెలుసు. అయినా పొద్దుగూకగానే చాపలు పట్టుకుని పొరుగూళ్ళ నుంచి జనం వచ్చేవారు, తెల్లారేదాకా కదిలేవారు కాదు. వాళ్ళు చూసేది ఈ మేళం భామ జడ ఎలా వేసింది, ఆ దరువు దగ్గర మద్దెలకి ఎదురు నిలబడిందా, ఓడిపోయిందా అని. ఫలానా ఊరి భామ అలిగితే నిజంగా ఇల్లు వదిలి పోతుందేమో అనిపించేది, ఈవిడ అలిగితే కాఫీకి వస్తుందనిపిస్తోంది అని మా తాత తీసిపారేసేవాడు. ఏది ఒరిజినల్ మేళం అని ఎవరూ అడగలేదు. ఎవరు బాగా కట్టారని అడిగారు.

అంచేత రీమేక్ తప్పు కాదు. కథ తెలిసిన జనం ముందు ఆడుతున్నామన్న భయం లేకపోవడం తప్పు.

మూడు లాంతర్లు (శనివారం, ఉదయం 8:05)

నాయనా, నువ్వు ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు?

బొబ్బిలి వీణ (శనివారం, ఉదయం 10:40)

చోడి అంబలి గారి మాటతో నాకు మణిచిత్రతాళు గుర్తొచ్చింది. కథ తెలిసి కూడా నాలుగు భాషల్లో చూశాను.

1993లో ఫాజిల్ మలయాళంలో తీశాడు. అందులో దయ్యమనుకునే నాగవల్లి తంజావూరు నుంచి తెచ్చిన తమిళ నర్తకి. ఇంట్లో మలయాళం మాట్లాడే కోడలు ఉన్నట్టుండి తమిళంలో అరుస్తుంది. భయం పుట్టేది అక్కడే. మనకి తెలిసిన మనిషి నోట్లోంచి తెలియని భాష వస్తోంది. శోభనకి జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

తర్వాత 2004లో పి.వాసు కన్నడంలో ఆప్తమిత్ర తీసినప్పుడు ఆ నర్తకిని తెలుగు మనిషిని చేశాడు. సౌందర్య చేసింది. సినిమా వచ్చేసరికి ఆవిడ లేదు. మరుసటి ఏడాది తమిళంలో చంద్రముఖి, అక్కడా తెలుగు నర్తకే. రారా పాట తమిళ సినిమాలో కూడా తెలుగులోనే ఉంటుంది. 2007లో హిందీకి వెళ్ళేసరికి బెంగాలీ అయింది. చూశారా, ఒక్కొక్కళ్ళు తమకి పొరుగు భాషని వెతుక్కున్నారు. సీను కాపీ చేయలేదు, ఆ సీను ఎందుకు భయపెట్టిందో అది పట్టుకున్నారు. నా దృష్టిలో రీమేక్ చేసేవాడికి కావాల్సిన తెలివి ఇదొక్కటే.

ఇప్పుడు మన సంగతి. మనం చంద్రముఖిని డబ్బింగులో చూశాం. ఇంటి కోడలిదీ తెలుగే, దయ్యానిదీ తెలుగే! జ్యోతిక కళ్ళు, సంగీతం లాక్కొచ్చాయి గానీ, మూలంలో ఉన్న ఆ జలదరింపు మనదాకా రాలేదు. అలా రాలేదన్న సంగతి మలయాళం చూసేదాకా నాకు తెలియను కూడా తెలియదు.

ఆపరేటర్ బాబాయ్ (శనివారం, ఉదయం 11:15)

అమ్మా వీణా, ఇది చదివి ఒక్కసారి బుర్ర తిరిగింది. చంద్రముఖిని నేను కేబుల్లో కనీసం నలభైసార్లు వేసుంటాను. ఒక్కసారి కూడా తట్టలేదు.

తేలినీలాపురం కొంగ (శనివారం, ఉదయం 11:20)

చంద్రముఖి మన విజయనగరం నర్తకే అని మా నాన్న ఇప్పటికీ వాదిస్తాడు. నాగవల్లి అంటే నాగావళి ఒడ్డున పుట్టిందని కూడా అంటాడు. దానికి మాత్రం ఆధారాలు అడగొద్దు.

సిరిమాను (శనివారం, ఉదయం 11:22)

అయితే దయ్యం కూడా మనదే 😂

ఎస్.కోట ఘాట్ (శనివారం, మధ్యాహ్నం 1:00)

భాష దగ్గరికి వచ్చాం కాబట్టి నా బాధ ఒకటి. మలయాళం సినిమాల్లో ఒక్కో ఊరికి ఒక్కో యాస ఉంటుందని అక్కడ పనిచేసొచ్చిన మా వాళ్ళు చెబుతారు. మన చెవికి అంతా మలయాళమే. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ యాసని తీసేసి, పుస్తకానికి, టీవీకి మధ్య ఉండే ఒక తెలుగు పెడతారు. ఆ భాష ఏ ఊళ్ళోనూ ఉండదు. దృశ్యాన్ని తమిళంలో పాపనాశంగా తీసినప్పుడు కమల్‌హాసన్ చేత తిరునల్వేలి యాస మాట్లాడించారు. మాటలు జయమోహన్‌వి. మన వాళ్ళకి ఆ ఆలోచన ఎందుకు రాలేదు?

ఎందుకంటే మన ఉత్తరాంధ్ర యాస అంటే చాలాకాలం పనివాడికీ, నవ్వులకీ. హీరో "ఏటి" అన్నాడంటే కామెడీ సీనని లెక్క. పలాస 1978 అన్న సినిమా వచ్చాకే ఈ యాసలో కోపం కూడా ఉంటుందని కొందరికి అర్థమైంది. 2025లో తండేల్‌లో నాగచైతన్య చేత మన మత్స్యకారుల భాష మాట్లాడించారు. అది తీసిన చందూ మొండేటి, అదే హీరోతో 2016లో మలయాళం ప్రేమమ్‌ని రీమేక్ చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ప్రేమమ్ ముచ్చటగానే ఉంటుంది, ఏ ఊరో మాత్రం ఎవరూ చెప్పలేరు.

తేలినీలాపురం కొంగ (శనివారం, మధ్యాహ్నం 1:30)

తండేల్ యాస మీద మా ఊళ్ళో రెండు వర్గాలున్నాయి. అక్కడక్కడ జారిందని మా పెదనాన్న పార్టీ. ప్రయత్నించాడు చాలు అని మా పిన్ని పార్టీ. ఆ గొడవ ఇంకోరోజు.

పొందూరు నూలు (శనివారం, రాత్రి 9:15)

ఇవన్నీ అమ్మకి చదివి వినిపిస్తున్నాను. ఆవిడ తీర్పు: "ఆకుమడిలో నారు అందరిదీ ఒకలాగే ఉంటాది. ఉభాలయ్యాక ఎవడి మడి వాడిది." బాబాయ్ నాటడం గురించి చెప్పిందే ఇంకోరకంగా అంది. బావ ఫోన్లో విని, నారు ఎవరిదో చెప్పాలి కదా అత్తయ్యా అన్నాడు. దానికీ ఒప్పుకుంది. "చెప్పాలి. డబ్బులిచ్చి కొన్నారన్నావు కదా, మరింకేటి?"

నేను సోమవారం హైదరాబాద్ వెళ్ళిపోవాలి. ఘాట్ అన్న చెప్పిన రెండు సినిమాలూ రేపు అమ్మకి చూపిస్తాను. ముందు మలయాళం, తర్వాత తెలుగు.

తేలినీలాపురం కొంగ (శనివారం, రాత్రి 9:30)

ఒక అనుమానం. మలయాళం సినిమాకి నువ్వు పక్కన కూర్చుని చెప్పే తెలుగు వింటుంది అమ్మ. అంటే ఆవిడ చూసేది ఒరిజినలా, నీ రీమేకా?

మూడు లాంతర్లు (శనివారం, రాత్రి 9:48)

మంచి ప్రశ్న. వ్యాఖ్యానం తగ్గించు నాయనా. మా క్లాసులో పిల్లలు నా గురించి కూడా ఇదే అనుకునేవారని ఆలస్యంగా తెలిసింది.

పొందూరు నూలు (ఆదివారం, రాత్రి 11:10)

రెండూ అయ్యాయి.

మాస్టారు చెప్పారని మలయాళం దానికి నేను నోరు మెదపలేదు. మొదటి పావుగంట అమ్మ నావైపు రెండుసార్లు చూసింది. తర్వాత చూడటం మానేసింది. నవ్వాల్సిన చోట నవ్వింది. వాడు చెప్పులు వదిలేసే చోట "అయ్యో, వానాకాలం రా, జలగలు పట్టెయ్యవూ?" అంది. ఆ అమ్మాయి వేరే పెళ్ళికి ఒప్పుకుందని నేను చెప్పకుండానే పట్టేసింది. "ఆ మొహం చూస్తే తెలీట్లేదేటి?"

తర్వాత తెలుగుది. సగం దాకా బాగా చూసింది. అరకు సంత కనిపించినప్పుడు మా పెద్దమ్మ వాళ్ళతో వెళ్ళిన కార్తీకమాసం పిక్నిక్ కబుర్లు మొదలుపెట్టింది, ఓ పది నిమిషాల సినిమా అందులో పోయింది. మలయాళం వాడి మీద జాలేసిందట. అరకు వాడి మీద మాత్రం కోపం వచ్చిందట. "అంతమందిలో కొట్టించుకుని, ఇంటికొచ్చి నాన్నకి చెప్పకుండా ఉంటాడా? మన పిల్లలైతే చెప్పరూ?" అంది. ఎందుకలా అని అడిగితే, "ఆడు ఎవరి పిల్లాడో, ఈడు మనోడు కదా" అంది.

ఘాట్ అన్నా, నీకు ఇదే మార్కుల కాగితం.

ఎస్.కోట ఘాట్ (ఆదివారం, రాత్రి 11:16)

ఫ్రేము కట్టించి స్టూడియోలో పెడతాను.

ఆపరేటర్ బాబాయ్ (ఆదివారం, రాత్రి 11:25)

మరి దృశ్యం పంచాయితీ ఏమైంది? బావ గెలిచాడా, అమ్మ గెలిచిందా?

పొందూరు నూలు (సోమవారం, ఉదయం 7:05)

రాత్రి మీకు జవాబు రాద్దామనుకుంటే అమ్మ వచ్చి కూర్చుంది. రేపు వెళ్ళిపోతావు కదా, ఆ వెంకటేశ్ దృశ్యం ఒకసారి పెట్టు అంది. ఇప్పుడు రెండోది కూడా చూశావు కదమ్మా, పోల్చి చూస్తావా అన్నాను.

"పోల్చడానికి కాదురా. ఆ రోజు మలయాళందాని కాడ నీ గోలతో నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఇదైతే నువ్వు నోరు మూసుకుంటావు."

రెండున్నర దాకా చూశాం. ఇప్పుడే బస్సెక్కాను, నిద్రొస్తోంది.